ఋతుగానముల ఆశ్రమము

బెంగాలులో వీరభూమి జిల్లాయందు బోల్పూరు అను ఊరు కలదు. కలకత్తాకు అది సుమారు 100 మైళ్ల దూరము. ఊరు దాటి ఉత్తరముగా పోయినచో, దాదాపు 160 సంవత్సరముల క్రిందట కనుచూపు మేర ఎఱ్ఱని బయలు తప్ప మఱేమియు కానరాకుండెను. వాననీరు కోసివేసిన గండ్లు, మిట్టలు, గులకఱాళ్లు, అక్కడక్కడ తాటిచెట్లు. ఈ కోతపడిన నేలను ఆ ప్రాంతమువారు ఖోయాయి అందురు. పంటకు పనికిరాని నేల. పైగా బాటసారులు దోపిడిగాండ్రకు వెఱచి నడచెడి చోటు. ఆ బయలున రెండు ఏడాకుల పొన్న చెట్లు మాత్రము నీడ నిచ్చుచుండెను. దేశము మహర్షి అని గౌరవించిన దేవేంద్రనాథ ఠాగూరు ఆ నీడను ధ్యానమునకు కూర్చుండి, ఆ ఏకాంతమునకు మనసుపడి, 1863లో రాయపురపు జమీందారుల నుండి 20 బిఘాల నేలను సాలుకు 5 రూపాయల శిస్తుపై శాశ్వతముగా పొందెను. అచట కట్టించిన మేడకు శాంతినికేతనమని పేరిడెను.

తండ్రి అచట కోరినది మౌనము. ఆ మౌనమునకు చెఱుపు రాకుండ కుమారుడు అచట గానమును నింపెను. ఆరుబయట, చెట్లక్రింద, వానకు వాన పాట, వెన్నెలకు వెన్నెల పాట పాడుకొను ఆశ్రమము నొకదానిని నలువది సంవత్సరములు నడపెను. రవీంద్రుని జీవితచరిత్రలలో ఈ ఆశ్రమ నిర్వాహకుని కథ నోబెల్ బహుమానపు వెలుగున కొంత మఱుగుపడినది. గీతాంజలి యెఱిగిన విద్యార్థులు వేలమంది కలరు. నెలాఖరున అధ్యాపకుల జీతములకై వెదకులాడిన గీతాంజలి కర్తను ఎఱిగినవారు అరుదు.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో భవనమున జన్మించెను. సంపన్న గృహమే యైనను బాలురు సేవకుల ఏలుబడిలో పెరిగిరి. శ్యామ్ అను సేవకుడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీసి, అది దాటిన ప్రమాదమని బెదరించి తన పనికి పోయెడివాడు. గీత దాటిన సీతమ్మ పడిన పాట్లు రామాయణమున వినియున్న బాలునికి ఆ సుద్దగీత దాటుటకు ధైర్యము చాలలేదు. కిటికీనుండి కనబడు చెరువును, దాని గట్టుమీది మఱ్ఱిచెట్టును చూచుచు ప్రొద్దుపుచ్చెడివాడు. పిదప ప్రవేశించిన పాఠశాలలును ఆయనకు అట్టి సుద్దగీతలుగనే తోచెను. ఏ పాఠశాలయందును నిలువలేదు.

1873లో ఉపనయనమైన పిదప తండ్రి ఆయనను హిమాలయ యాత్రకు వెంటగొనిపోవుచు, దారిలో కొన్ని దినములు శాంతినికేతనమున ఆగెను. బాలుని అడ్డగించువారు లేరు. ఎంత దూరమైన పోవచ్చును. ఖోయాయి గండ్లలో తిరిగి రంగురంగుల గులకఱాళ్లను ఒడినిండ ఏఱుకొనివచ్చి చూపగా, మహర్షి వానిని తృణీకరింపక, ఏవో నిధులు తెచ్చినట్లు సంతోషించెను. ప్రయాణపు పైకపు సంచిని, తన బంగారు గడియారమునకు కీ యిచ్చు పనిని బాలునికే అప్పగించెను. అచటనుండి అమృతసరము చేరిన పిదప, సాయంకాలమున మహర్షి తోటకు ఎదురుగా వసారాలో కూర్చుండి కుమారుని పిలిచి పాడుమనెడివాడు. చెట్లసందుల నుండి వెన్నెల వసారా నేలపై పడుచుండగా బాలుడు బెహాగు రాగమున బ్రహ్మగీతము పాడెడివాడు. తండ్రి తలవంచి చేతులు జోడించి వినెడివాడు. వెన్నెల, చెట్లు, పాట, దానిని మౌనముగా వినువాడొకడు! శాంతినికేతనమున పిమ్మట జరిగిన ఉత్సవములకు కావలసిన సామగ్రి యంతయు ఆ వసారాలో ఉండెను.

యౌవనమున ఇంగ్లండు ప్రయాణము, 1883లో వివాహము, కవిగా కీర్తి, పిదప తూర్పు బెంగాలులోని జమీందారీ పాలన ఆయన జీవితమున వరుసగా వచ్చినవి. పద్మానదిపై పడవలో నివసించుచు పల్లెల సుఖదుఃఖములను కనులార చూచెను. బాటవెంట ఏకతార మీటుచు పోవు బావుల్ గాయకుల పాటలు ఆయన చెవిని పడినవి ఇచటనే. ఆ బాణీలు పిదప ఆయన పాటలలో విడదీయరాకుండ కలసిపోయెను.

ఇంతలో మహర్షి 1888లో శాంతినికేతనమును ధర్మకర్తల కప్పగించుచు ధర్మపత్రము వ్రాయించెను. ఏ మతమువారైనను వచ్చి ధ్యానము చేసికొనవచ్చును, విగ్రహారాధన కూడదు, మద్యమాంసములు కూడవు, సంవత్సరమున కొకసారి మేళా జరుపవలెను, దానియందు అసభ్య వినోదములు కూడవు, విద్యాలయము స్థాపింపవచ్చును. 1891లో గాజుపలకల మందిరము వెలసెను. 1894 నుండి పౌషమాసపు మేళా ఆరంభమాయెను. చుట్టుప్రక్కల పల్లెలవారు, సంతాలులు, బావుల్ గాయకులు ఆ చలిరాత్రులలో ఆ బయలునకు వచ్చిరి. కావున పాట అచటికి రవీంద్రునికంటె ముందే నడచి వచ్చినదని చెప్పవలెను.

1901 డిసెంబరు 22న రవీంద్రుడు అచట బ్రహ్మచర్యాశ్రమమును స్థాపించెను. విద్యార్థులు ఐదుగురు, అందొకడు ఆయన జ్యేష్ఠపుత్రుడు రథీంద్రుడు. ప్రాచీన గురుకుల పద్ధతిని తొలుత విద్యార్థులనుండి జీతము గ్రహింపలేదు. ఆదర్శము గొప్పదే కాని వంటశాలకు బియ్యము కొనవలెను గదా! భార్య మృణాళినీదేవి తన నగలను ఇచ్చివేసెను. పూరీలో సముద్రతీరమున నున్న ఇల్లు అమ్ముడుపోయెను. పాఠశాల స్థాపించి సంవత్సరము నిండక మునుపే, 1902 నవంబరులో, మృణాళినీదేవి మరణించెను. 1903లో కుమార్తె రేణుక క్షయవ్యాధికి గుఱియాయెను. 1904లో ఆశ్రమ అధ్యాపకుడు, ఇరువది యేండ్లు దాటిన యువకవి సతీశచంద్ర రాయి, మశూచికముతో ఆశ్రమముననే మరణింపగా పాఠశాలను కొంతకాలము శిలైదహునకు తరలింపవలసివచ్చెను. 1905లో మహర్షియు దివంగతుడాయెను. అనుమానించిన ప్రభుత్వము తన ఉద్యోగులు బిడ్డలను ఆ పాఠశాలకు పంపుట మంచిది కాదని ఒకప్పుడు రహస్యముగ హెచ్చరించెను. ఇంకొకడైనచో తలుపులు మూసి కలకత్తాకు మరలిపోయి యుండును.

ఆ పాఠశాలలో దినచర్య తెల్లవాఱకముందే మొదలగును. కొందఱు పాడుచు ఆశ్రమము చుట్టును తిరిగి తక్కినవారిని మేలుకొలుపుదురు. దీనికి వైతాళికమని పేరు. ఎవరి చాప వారు తెచ్చుకొని చెట్టుక్రింద పఱచుకొని పాఠము విందురు. సాలవృక్షముల బాట యొకటి, మామిడితోపు ఒకటి, ఉసిరిచెట్ల గుంపు ఒకటి, ఇవియే తరగతిగదులు. వాన వచ్చినచో పాఠము ఆగును. ఒక్కొక్కప్పుడు వానలో తడియుటయే పాఠమగును. నాటినచోట ప్రతిచెట్టును ప్రయాసపడి పెంచినదే. ఎఱ్ఱనేలను త్రవ్వి, వేఱుచోటినుండి మంచిమన్ను తెచ్చి పోసి, వేసవిలో నీరు మోసి పెంచిన వనమది. ఈ సంగతి తలపునకు రానివారు శాంతినికేతనమున ప్రకృతి తనంతట తానే అందముగ నుండెనని భ్రమపడుదురు.

1907వ సంవత్సరము శ్రీపంచమినాడు ఆశ్రమమున ఒక చిన్న ఉత్సవము జరిగెను. దానిని తలపెట్టినవాడు రవీంద్రుని కనిష్ఠపుత్రుడు శమీంద్రుడు. అప్పటికి పదేండ్లవాడు. బాలురు ఋతువుల వేషములు ధరించి పాటలు పాడిరి. ఋతూత్సవమని దాని పేరు. బాలుర ఆటవంటి ఈ వేడుక శాంతినికేతనమున ఋతూత్సవములకు నాంది. ఆ సంవత్సరమే దసరా సెలవులలో శమీంద్రుడు ఒక మిత్రునితో ముంగేరు పట్టణమునకు పోయెను. అచట కలరా సోకెను. తండ్రి పరుగున చేరెను గాని దక్కించుకొనలేకపోయెను. తల్లి పోయిన సరిగా ఐదేండ్లకు, ఆ నవంబరు మాసముననే, బాలుడు కన్నుమూసెను.

ఆ దహనకర్మ ముగించుకొని రైలులో తిరిగివచ్చుచున్న రాత్రి ఆకాశమంతయు వెన్నెల నిండియుండెను. ఆ వెన్నెలలో ఎచటను ఏ లోటును కానరాలేదని, సమస్తమును నిండుగనే యున్నదని, అందు తానును ఒక భాగమేనని తనకు అప్పుడు తోచినట్లు రవీంద్రుడు చాలకాలమునకు పిదప కుమార్తె మీరాదేవికి వ్రాసిన లేఖలో తెలిపెను. దీనిని వేదాంతమని త్రోసివేయుట తగదు. ఆయన తరువాత చేసిన పని చూచినచో ఆ రాత్రి తోచినదానిని ఎంత గట్టిగ పట్టుకొనెనో బోధపడును. కుమారుడు ఆరంభించిన వేడుకను ఆయన మాన్పలేదు. ఆశ్రమ జీవనమునకు దానిని వెన్నెముకగ చేసెను.

1908లో క్షితిమోహన సేనుడు అధ్యాపకుడుగ ఆశ్రమమున చేరెను. ఆ వానకాలమున వేదములందలి వర్షసూక్తములను పఠించుచు, పాటలు పాడుచు వర్షోత్సవము జరిపిరి. శరదృతువునకు రవీంద్రుడే బాలురు ఆడుటకు శారదోత్సవమను నాటకము రచించెను. సెలవు దొరకిన బాలుర సంతోషమే అందలి ఇతివృత్తమని చెప్పదగును. రంగస్థలమునకు తెరలు, బొమ్మల పటములు అక్కఱలేదు. ఆకాశము, ఱెల్లుపూలు ఎదుటనే యున్నవి. ఆ పిదప ఫాల్గుని (1915) వసంతమునకు వచ్చెను. అందు రవీంద్రుడు అంధుడైన బావుల్ గాయకుని వేషము ధరించెను. ఇట్లు ఏటేట వర్షామంగళము, శారదోత్సవము, పౌషమేళా, వసంతోత్సవము క్రమముగ పాదుకొనెను. వసంతోత్సవమున పసుపువన్నె వస్త్రములు ధరించి బాలబాలికలు పాడుచు సాలవృక్షముల నీడను నడచు దృశ్యము దేశమంతట ప్రసిద్ధి కెక్కెను.

పాఠశాలలయందు వార్షికోత్సవమునకు పదిదినముల ముందు హడావుడిపడి నాలుగు పాటలు నేర్పు మన వాడుకకును దీనికిని గల భేదము ఉపాధ్యాయులు గమనింపదగినది. అచట తొలకరి మబ్బు పట్టకముందే వానపాటల అభ్యాసము మొదలగును. ఏ చెట్టు ఏ నెలలో పూచునో, ఏ గాలి ఏ దిక్కునుండి వీచునో తెలియనివానికి ఆ పాట పాడుట రాదు. రవీంద్రుని రెండువేలకు పైబడిన పాటలలో ప్రకృతిని గూర్చినవి ఒక పెద్ద విభాగము. అందును వానపాటలే మిక్కిలి అధికము. వానిలో అనేకము ఏ ఉత్సవమునకో అప్పటికప్పుడు పుట్టినవే.

పాట కట్టుట ఆయన పని; దానిని కాపాడుట ఆయన అన్న మనుమడైన దినేంద్రనాథుని పని. క్రొత్తపాటకు స్వరము కుదిరినవెంటనే రవీంద్రుడు దినేంద్రుని పిలిపించెడివాడు. ఆలస్యమైనచో తన బాణీని తానే మఱచిపోవుట కద్దు. దినేంద్రుడు దానిని చెవిని పట్టి, స్వరలిపి వ్రాసి, సాయంకాలమునకు బాలురకు నేర్పెడివాడు. అట్టి భాండాగారి లేకున్నచో ఎన్ని పాటలు గాలిలో కలసిపోయెడివో! శాస్త్రీయ సంగీతము నేర్పుటకు మహారాష్ట్రమునుండి భీమరావు శాస్త్రి వచ్చెను. పిఠాపురపు ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి కొంతకాలము అచట నివసించి వీణ వినిపించెను. 1919లో రవీంద్రుడు సిల్హెట్టులో మణిపురీ నృత్యము చూచి ముగ్ధుడై ఆ నృత్యగురువును ఆశ్రమమునకు పిలిపించెను. ఆంధ్రులకు ఈ ఆశ్రమముతో గల బంధము ఇంతటితో ముగియలేదు. రాయప్రోలు సుబ్బారావు అచట కొంతకాలము గడపెను. బెజవాడ గోపాలరెడ్డి అచట విద్యార్థియై, పిదప గురుదేవుని రచనలు పెక్కింటిని తెనిగించెను. 1919లోనే రవీంద్రుడు మదనపల్లె కళాశాలలో కొన్ని దినములు విశ్రమించి జనగణమన గీతమును ఆంగ్లమున పరివర్తించెను.

ఇక ధనము మాట. 1913లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ సొమ్మును తన రైతుల కొఱకు పతిసర గ్రామమున నెలకొల్పిన వ్యవసాయపు బ్యాంకులో నిక్షేపించి, వడ్డీ పాఠశాలకు చెందునట్లు చేసెను. రైతులకు అప్పు దొరకెను, పాఠశాలకు వడ్డీ దొరకెను; కవి వ్యవహారము తెలియనివాడను మాటకు ఇది సమాధానము. కాని ఖర్చు ఎప్పుడును రాబడిని మించుచుండెను. 1921 డిసెంబరులో విశ్వభారతి వెలసెను. 1922లో సమీపమున సురూలు గ్రామమున ఎల్మ్‌హర్‌స్టు అను ఆంగ్లేయ యువకుని సాయముతో గ్రామ పునర్నిర్మాణమునకై శ్రీనికేతనము ఆరంభమాయెను. తన బెంగాలీ గ్రంథముల రాబడిని కవి విశ్వభారతికే ధారపోసెను. అదియు చాలలేదు.

అప్పుడు ఆయన తన పాటలనే నమ్ముకొనవలసివచ్చెను. విద్యార్థి బృందమును వెంటబెట్టుకొని నగరములకు పోయి, టిక్కెట్లు పెట్టి, నాటకములు, నృత్యములు ప్రదర్శించి ధనము కూర్చుట ఆరంభించెను. ఇందొక విషాదము కలదు. ఆకాశము క్రింద పాడుటకు పుట్టిన పాటలు, ఆ ఆకాశము క్రింది చోటును పోషించుటకై నాలుగు గోడల నడుమ దీపపు వెలుతురులో పాడవలసివచ్చినవి. పైగా నిందలు. 1926లో నటీర్ పూజ నాటకమున చిత్రకారుడు నందలాల్ బోసు కుమార్తె గౌరి నాట్యమాడెను. గౌరవ కుటుంబపు కన్య పదిమంది యెదుట ఆడుట ఆ కాలమున సాహసము. కలకత్తా ప్రదర్శనమునకు రవీంద్రుడు ఉపాలి అను భిక్షువు పాత్రను క్రొత్తగ చేర్చి తానే వేదికపై కూర్చుండెను. రాళ్లు పడినచో తొలుత తనమీదనే పడవలెనని కాబోలు. మన దేశమున గృహస్థుల ఆడుబిడ్డలకు నాట్యము మరల గౌరవప్రదమగుటకు ఆ వేదిక చేసిన మేలు సామాన్యము కాదు.

1928 జూలై 14న ఆశ్రమమున వృక్షారోపణోత్సవము తొలిసారిగ వైభవముతో జరిగెను. పల్లకిలో మొక్కను ఉంచి, బాలికలు పాడుచు ఊరేగించి, పంచభూతముల ఆశీస్సులు పలికించి నాటిరి. ఆ దినములందే శ్రీనికేతనమున హలకర్షణోత్సవము జరుగగా కవి స్వయముగ నాగలి పట్టెను. చెట్లు కొట్టివేసినవారి వారసులమగు మనము నేలతల్లికి ఆ ఋణము తీర్చవలెనను భావము ఆ ఉత్సవములందు ఉండెను. అడవులు నఱకిన పిదపనే ఆ బయలు ఖోయాయిగ మాఱినదని ఆయన ఎఱుగును.

1932 ఆగస్టులో, జర్మనీలో ముద్రణవిద్య నేర్చుకొనుచున్న మనుమడు నీతీంద్రుడు క్షయవ్యాధితో మరణించినట్లు వార్త వచ్చెను. మీరాదేవికి అతడొక్కడే కుమారుడు; వయసు ఇరువది. ఆశ్రమమున అప్పుడు వర్షామంగళమునకు అభ్యాసములు జరుగుచున్నవి. గురుదేవుని దుఃఖమును గౌరవించి ఈ యేడు ఉత్సవము ఆపుదమని పలువురు చెప్పిరి. ఆయన ఒప్పుకొనలేదు. తన శోకభారము తనదేయని, దానిని పదిమంది మీదికి నెట్టరాదని ఆయన భావించెను. వర్షామంగళము జరిగెను. శమీంద్రుని నాటి వెన్నెలను గూర్చి మీరాదేవికి వ్రాసిన లేఖ ఈ సందర్భమునదే. ఇరువదియైదేండ్ల క్రిందట తన బిడ్డ ఆరంభించిన వేడుకను, బిడ్డను పోగొట్టుకొన్న కుమార్తెకు నచ్చజెప్పుచు, ఆపకుండ జరిపించిన ఆ డెబ్బదియొక్క యేండ్ల వృద్ధుని మనసును ఊహించుట కష్టము. కఠినుడనువారు ఉండవచ్చును. కాని వాన కొఱకు ఏడాది పొడవున ఎదురుచూచిన పిల్లల వైపునుండి చూచినచో ఆ మాట నిలువదు.

1936 మార్చిలో, డెబ్బదియైదవ యేట, చిత్రాంగద నృత్యనాటక బృందముతో ఉత్తర హిందూస్థానము తిరుగుచు ఢిల్లీ చేరెను. అచటనున్న గాంధీ మహాత్ముడు ఆయనను ఆ వయసున ఆ స్థితిలో చూడజాలక, విశ్వభారతి అప్పు తీఱుటకు వలసిన 60,000 రూపాయలను సమకూర్చి ఇప్పించి, తక్కిన ప్రయాణమును మాన్పించెను. 1940 ఫిబ్రవరిలో మహాత్ముడు శాంతినికేతనమునకు రాగా, వీడ్కోలు వేళ రవీంద్రుడు ఒక లేఖను ఆయన చేతిలో పెట్టెను. తన అనంతరము విశ్వభారతిని కాపాడుమని అందలి ప్రార్థన. 1951లో ఆ సంస్థ కేంద్ర విశ్వవిద్యాలయమాయెను. 2023లో శాంతినికేతనము ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరెను.

1941 జూలై 25న శస్త్రచికిత్సకై ఆయనను కలకత్తాకు కొనిపోయిరి. మరల ఆశ్రమమును చూడలేదు. ఆగస్టు 7న, బెంగాలీ పంచాంగమున శ్రావణమాసపు 22వ దినమున, తాను పుట్టిన జోడాసాంకో భవనముననే కన్నుమూసెను. నగరమున లక్షలాది జనము శవయాత్ర వెంట పోటెత్తిరి. శాంతినికేతనమున ఆ సాయంకాలము మందిరమున చేరినవారు, 1939లో రచించి తన మరణానంతరము పాడుటకై ఆయన అట్టిపెట్టిన పాటను పాడిరి.

శ్రావణము వర్షఋతువు. మొక్క నాటుటకు అనువైన కాలము. ఆ 22వ దినముననే వృక్షారోపణము జరుపుట ఆశ్రమమున ఆచారమైనది. ఉదయమున మందిరమున ప్రార్థన జరుగును. పిదప మొక్కను పల్లకిలో ఉంచి, వానలో తడియుచు, పాడుచు కొనిపోయి నాటుదురు.